వెన్న వాసన వెనుక ఉన్న రసాయనం: డయాసిటైల్

చల్ల చిలికి తీసిన వెన్నకు ఒక కమ్మటి వాసన ఉంటుంది. ఆ కమ్మదనంలో పెద్ద పాలు డయాసిటైల్ అనే పదార్థానిది. పాలలో తోడు వేసినప్పుడు అందులోని కొన్ని రకాల సూక్ష్మజీవులు పాలలో ఉండే సిట్రేట్‌ను వాడుకొని దీనిని తయారుచేస్తాయి. నాలుగు కర్బన పరమాణువులున్న చిన్న అణువు ఇది. పసుపుపచ్చని ద్రవం. 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కనుక వేడి తగిలితే సులువుగా ఆవిరైపోతుంది. అతి కొద్దిగా ఉన్నా ముక్కు పసిగడుతుంది. అందుకే ఆహార పరిశ్రమలవారు దీనిని తయారుచేసి పాప్‌కార్న్, బిస్కెట్లు, మార్గరిన్ వంటివాటిలో వెన్న రుచి కోసం కలిపారు.

తినడానికి కలిపే కొద్ది మోతాదు వల్ల హాని కలిగినట్లు తేలలేదు. చిక్కంతా దీని ఆవిరిని రోజుల తరబడి పీల్చడంలోనే ఉంది. కడుపుకు పడినది ఊపిరితిత్తులకు పడాలని లేదు కదా!

ఈ సంగతి అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో బయటపడింది. 2000వ సంవత్సరంలో, ఒకే పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఎనిమిదిమందికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్లు అక్కడి ఆరోగ్యశాఖకు తెలిసింది. వారిలో కొందరికి ఊపిరితిత్తుల మార్పిడి అవసరమనేంత వరకు వెళ్ళింది. పరిశోధకులు వచ్చి చూడగా, వేడి నూనెలో వెన్న ఫ్లేవర్ కలిపే గదిలో పనిచేసేవారికి ప్రమాదం ఎక్కువని తేలింది. నాణ్యత పరీక్ష కోసం రోజంతా పాప్‌కార్న్ ప్యాకెట్లు వేడిచేసి విప్పేవారికి కూడా ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2007 నాటికి అక్కడి పెద్ద కంపెనీలు డయాసిటైల్ వాడకం మానుకుంటామని ప్రకటించాయి. బదులుగా కొందరు వాడిన పెంటేన్‌డయోన్ దానికి తోబుట్టువు లాంటిదే. అదీ సురక్షితం కాదు.

ఆవిరి లోపలికి వెళ్ళి సన్నని గాలి గొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. గాయం మానేటప్పుడు మచ్చ కట్టి గొట్టం ఇరుకవుతుంది. డాక్టర్లు దీనిని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటారు. మొదట పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కొందరికి పిల్లికూతలు కనిపిస్తాయి. ఉబ్బసం అనుకొని ఇన్‌హేలర్ వాడుతారు, అయినా గుణం కనిపించదు. సెలవు రోజుల్లో కూడా ఆయాసం తగ్గదు. మూసుకుపోయిన గొట్టాలు మళ్ళీ తెరుచుకోవు గనుక ఆలస్యం చేయకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా బేకరీ, మిఠాయి, చిరుతిళ్ళు లేక ఫ్లేవర్లు తయారుచేసే చోట పనిచేస్తూ ఇలా దగ్గుతుంటే, ఆ పని ఏమిటో, ఏ ఫ్లేవర్ కలుపుతారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆయన అడగలేదని ఊరుకోవద్దు. స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షతో గాలి ప్రవాహం ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఎక్స్‌రే మాత్రం మామూలుగానే కనబడవచ్చు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఈ ఆవిరిని ఆపదు. ఫ్లేవర్ డబ్బాలకు మూత పెట్టి ఉంచాలి, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఉండాలి, నూనె చల్లబడ్డాకే ఫ్లేవర్ కలపాలి. ఇంట్లో ఎప్పుడైనా పాప్‌కార్న్ చేసుకొని తినేవారు భయపడనక్కరలేదు. వేడి ప్యాకెట్టును ముఖానికి దూరంగా పట్టుకొని విప్పితే చాలు.