అనుగ్రహం మీద ఆధారపడటం అంటే చేతులు ముడుచుకోవడమా?



ఈ వారం వీడియోలో శరణాగతి గురించి మాట్లాడుకున్నాం. వీడియోలో టైమ్ తక్కువ కాబట్టి కొన్ని విషయాలు పైపైన చెప్పాను. ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం.

మన వయసు వాళ్ళకి ఈ టాపిక్‌లో ఒక చిక్కు ఉంటుంది. "అంతా స్వామే చూసుకుంటాడు అనుకుంటే నేను ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవ్వడం ఎందుకు? అన్నీ నేనే చూసుకోవాలంటే ఇక స్వామి ఎందుకు?" రెండు వైపులా ఇరుక్కునే ప్రశ్న ఇది. లే ఆఫ్ వార్తలు చూస్తూ, హోమ్ లోన్ ఈఎంఐ కడుతూ, రాత్రి రెండింటికి నిద్రపట్టక ఫోన్ చూసేవాళ్ళకి ఇది వేదాంత చర్చ కాదు. రేపు పొద్దున్న ఎలా లేవాలి అనే ప్రశ్న.

మన మాటల్లోనే ఉన్న పాఠం

"ఎలా ఉన్నారు?" అని అడిగితే మన పెద్దవాళ్ళు "మీ దయ వల్ల బాగున్నాం" అంటారు. అడిగినవాడు వాళ్ళకి చేసింది ఏమీ ఉండకపోవచ్చు. అయినా అలాగే అంటారు. నా బాగు అంతా నా ఒక్కడి సంపాదన కాదు అని ఒప్పుకునే అలవాటు మన భాషలోనే ఉందన్నమాట.

"ప్రసాదం" కూడా అంతే. మనం దాన్ని దొన్నెలో పెట్టే పులిహోరగా చూస్తాం. సంస్కృతంలో ఆ మాటకి అనుగ్రహం అనీ, మనసు తేటపడటం అనీ అర్థాలున్నాయి. మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి వెళ్ళినవాళ్ళకి తెలుసు. బిందెడు పానకం తీసుకెళ్తే స్వామి సగమే తాగి, మిగతా సగం తిరిగి ఇస్తాడని నమ్మకం. పానకం కలిపింది మనమే, మోసింది మనమే, మెట్లెక్కింది మనమే. అయినా తిరిగి చేతికొచ్చినప్పుడు దాన్ని "నాది" అనం, "ప్రసాదం" అంటాం.

మా ఊళ్ళో రెండు మైకులు

మాది గుంటూరు పక్కన నల్లపాడు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది కానీ మాకు ఇంకా ఊరే. డిసెంబరు నడిమికి వచ్చేసరికి ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారకముందే గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుంది. అదే నెలలో మరో వీధిలో ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు వెలుగుతాయి, చర్చి మైకులో పాటలు. రెండు మైకుల్లోనూ వినిపించే ఒక మాట ఉంది. అదే కృప.

ఇది ఊరికే కలిసిన పోలిక కాదు. గుంటూరుకి లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో వచ్చాడు. 1927లో ఏర్పడిన ఆంధ్రా ఎవాంజెలికల్ లూథరన్ చర్చికి గుంటూరే కేంద్రం. అంటే మా జిల్లాలో చాలా కుటుంబాలకి తరతరాలుగా వచ్చిన నమ్మకం లూథర్ నుంచి మొదలైంది. ఆయన బోధకి కీలకం ఒక్కటే, కృప.

మార్టిన్ లూథర్ జర్మనీలో ఒక సన్యాసి. ఉపవాసాలు, జాగరణలు, పాపాల ఒప్పుకోలు అన్నీ నిష్ఠగా చేశాడు. ఎంత చేసినా "ఇది సరిపోతుందా?" అనే భయం మాత్రం పోలేదు. చివరికి బైబిల్‌లో పౌలు రాసిన లేఖలు చదువుతూ, దేవుడి అంగీకారం మనం సంపాదించే జీతం కాదు, ఆయన ఇచ్చే బహుమానం అని గ్రహించాడు. అలాగని పని మానెయ్యమనలేదు. రైతు చేసే పనీ, తల్లి చేసే పనీ కూడా దేవుడు అప్పగించిన పనే అన్నాడు. పని అలాగే ఉంది, దాని వెనక ఉన్న భయం పోయింది.

ఆ మార్గంలోంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన మిషన్ అప్పటికి వైద్య సేవకి సిద్ధంగా లేదు. ఆమె బడుల పని చూస్తూనే రోగులకి వైద్యం చేశారు. గుంటూరులో ఆసుపత్రి తెరుచుకునేసరికి 1898 వచ్చింది. పదిహేనేళ్ళు! కృపని నమ్మినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు అనడానికి గుంటూరులో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

రెండూ ఒకటేనా?

కాదు. ఈ విషయంలో నిజాయితీగా ఉందాం. లూథరన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో భారతదేశపు కృపామార్గాన్నీ క్రైస్తవాన్నీ పోల్చి 1930లో ఒక పుస్తకమే రాశాడు. పోలికలు చూసి ఆశ్చర్యపోయాడు, తేడాలు కూడా వదల్లేదు. క్రైస్తవులకి కృప అంటే యేసు సిలువ, పునరుత్థానాలతో ముడిపడిన విషయం. మనకి కర్మ, జన్మల నేపథ్యంలో నారాయణుడి దయ, లక్ష్మీదేవి సిఫార్సు.

మా నల్లపాడు స్టేషన్‌లోనే చూడండి. గుంటూరు నుంచి ఒకే దారిన వచ్చిన రైళ్ళు అక్కడ విడిపోతాయి. ఒక లైను నడికుడి మీదుగా సికింద్రాబాద్ వైపు, ఇంకోటి నరసరావుపేట, వినుకొండ మీదుగా నంద్యాల వైపు. కలిసి నడిచినంత దూరం కలిసి నడిచిందే, విడిపోయిన చోట విడిపోయిందే. పక్కవాడి లైను చూస్తే మన లైను ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే ఇదంతా చెప్పాను.

కోతిపిల్ల, పిల్లిపిల్ల

మన దగ్గర ఈ ప్రశ్న మీద వందల ఏళ్ళు చర్చ జరిగింది. రామానుజుల తర్వాతి శ్రీవైష్ణవంలో రెండు ఉపమానాలున్నాయి.

మర్కట కిశోర న్యాయం: కోతిపిల్ల తల్లి పొట్టని గట్టిగా పట్టుకుంటుంది. తల్లే మోస్తుంది, కానీ పిల్ల పట్టు వదలకూడదు. వేదాంత దేశికుల మార్గాన్ని అనుసరించే వడగలై వాళ్ళ పక్షం ఇది.

మార్జాల కిశోర న్యాయం: పిల్లిపిల్ల ఏమీ పట్టుకోదు. తల్లే మెడ దగ్గర నోటితో పట్టుకుని తీసుకెళ్తుంది. పిళ్ళై లోకాచార్యుల మార్గంలోని తెంగలై వాళ్ళ పక్షం ఇది.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. తల్లి పట్టుకోగానే పిల్లిపిల్ల ఒళ్ళు వదిలేస్తుంది, కాళ్ళు ముడుచుకుంటుంది. గింజుకుంటే ఇద్దరికీ కష్టం. అంటే పిల్లిపిల్ల కూడా ఒక పని మానేస్తోంది: గింజుకోవడం. మనకి రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనల్లో ఎక్కువ భాగం పని కాదు, ఈ గింజుకోవడమే.

ఇంకో మాట. పట్టు ముఖ్యమన్న దేశికులే తిరుమల శ్రీనివాసుడి దయని ఒక దేవిగా భావించి "దయాశతకం" రాశారు. స్వామిని కాదు, ఆయన దయనే నేరుగా పిలిచి స్తుతించారు. కాబట్టి కోతిపిల్ల పక్షంలో కూడా మోసేది తల్లే.

గీత చివర ఏం జరిగింది?

పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు "నన్నే శరణు పొందు" అంటాడు. దాన్ని చరమ శ్లోకం అంటారు. అక్కడితో ఆపేసి చదివితే "సరే, ఇక ఏం చెయ్యక్కర్లేదు" అనిపిస్తుంది. కానీ తర్వాత అర్జునుడి జవాబు చూడండి. నీ ప్రసాదం వల్ల నా మోహం పోయింది, సందేహాలు తీరాయి, నువ్వు చెప్పినట్టు చేస్తాను అంటాడు. శరణు పొందినవాడు ఇంటికెళ్ళి పడుకోలేదు. మొదటి అధ్యాయంలో వదిలేసిన విల్లు మళ్ళీ పట్టుకున్నాడు. మొదట్లో చేతులు వణికిన మనిషే, అదే యుద్ధం. మధ్యలో వచ్చింది అనుగ్రహం.

ఈ వ్యాసం మొత్తానికి నేను చెప్పదలుచుకున్నది ఇదే. అనుగ్రహం పని చివర్లో వచ్చే బోనస్ కాదు. పనికి కింద ఉన్న నేల.

మిరప చేలో

2021లో మా జిల్లా మిరప మీద కొత్త రకం తామర పురుగు పడింది. పూతలోకి దూరి పూత అంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. చాలామంది తోటలు పీకేశారు. కౌలు రైతులకి ఇంకా కష్టం. పంట పోయినా కౌలు కట్టాలి, అప్పుకి వడ్డీ ఆగదు. పురుగు లేని ఏడాది ధర లేదు. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి 2025 మొదట్లో బాగా పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. యార్డుకి వెళ్ళిన రైతు మొహంలో ఏముంటుందో మాకు ఇంట్లోనే తెలుస్తుంది.

ఆ పురుగు ఏడాది మా పక్కింటి పెద్దమ్మ కౌలు తోట కూడా పోయింది. ఆవిడ లూథరన్. మా అమ్మ పలకరించడానికి వెళ్తే నేనూ వెళ్ళాను. ఆవిడ ఏడ్చింది, ఏడవలేదని చెప్పను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆయన కృప ఉంది నాయనా. రేపు తెల్లారగట్ట కూలోళ్ళకి చెప్పాల, తోట పీకి జొన్న ఎయ్యాల" అంది. రెండు వాక్యాల మధ్య గ్యాప్ కూడా ఇవ్వలేదు. అదే మాట మా మేనమామ "స్వామి దయ" అని అన్నాడు, ఆయన కూడా తోట పీకించాడు. ఇద్దరూ నష్టాన్ని నష్టం కాదనలేదు. కాకపోతే ఆ నష్టమే తమ చివరి మాట కాదనుకున్నారు.

ఆధారపడటానికి నాకు దొరికిన టెస్ట్ ఇది: నా నమ్మకం నన్ను రేపటి పనికి లేపుతోందా, లేక పని ఎగ్గొట్టడానికి సాకు ఇస్తోందా?

ఆఫీసులో శరణాగతి

శరణాగతికి పెద్దలు ఆరు అంగాలు చెప్పారు. మన డెస్క్ దగ్గర అవి ఎలా ఉంటాయో చూద్దాం.

1. ఆనుకూల్య సంకల్పం: స్వామికి ఇష్టమైనదే చేస్తాను అనుకోవడం. టెస్ట్ చెయ్యని కోడ్‌ని "అయిపోయింది" అనకపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

2. ప్రాతికూల్య వర్జనం: ఆయనకి నచ్చనిది మానడం. పక్కవాడి పనికి మన పేరు పెట్టుకోకపోవడం.

3. మహా విశ్వాసం: తప్పక రక్షిస్తాడనే నమ్మకం. ప్రమోషన్ వస్తుందనే నమ్మకం కాదు. వచ్చినా రాకపోయినా నన్ను వదలడనే నమ్మకం.

4. గోప్తృత్వ వరణం: "నువ్వే కాపాడు" అని నోరు తెరిచి అడగడం. అడగడం చిన్నతనం కాదు.

5. ఆత్మ నిక్షేపం: నన్ను నేను అప్పగించుకోవడం. నా విలువని రేటింగ్ చేతిలో కాకుండా ఆయన చేతిలో పెట్టడం.

6. కార్పణ్యం: నా వల్ల కాదు అని ఒప్పుకోవడం.

ఆరోదే మనకి అన్నిటికంటే కష్టం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ తెలిసే ఉంటుంది. సిస్టమ్ పడిపోయాక ఎవరిది తప్పు అని వేలు చూపకుండా, ఏం జరిగింది అని మాత్రమే రాసుకునే పద్ధతి. శిక్ష భయం ఉన్న టీమ్‌లో లోపాలు దాస్తారు. భయం లేని టీమ్‌లో గంటలోనే బయటపెడతారు, గంటలోనే సరిచేస్తారు. కార్పణ్యం పనిచేసేది కూడా ఇలాగే. నన్ను వదలనివాడి ముందు నేను నటించక్కర్లేదు. "నాకు రాదు, నేర్పు" అని సీనియర్‌ని అడిగే ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

రెండు సందేహాలు

"నేను నమ్మాను, అయినా ఉద్యోగం పోయింది. అంటే అనుగ్రహం లేనట్టేనా?" కాదు. రామదాసుగా మనం పిలుచుకునే కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. రాముడి మీద అలిగాడు, నిలదీశాడు, కానీ మాట్లాడటం ఆపలేదు. కష్టం వచ్చిందంటే దయ పోయిందని కాదు. కోపం వస్తే ఆ కోపంతోనే స్వామి దగ్గరికి వెళ్ళండి.

"మనసు బాగాలేనప్పుడు నామజపం చాలదా, డాక్టర్ ఎందుకు?" నామం చెయ్యండి, డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి. అప్పు భారంతో ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు మా జిల్లా వాళ్ళకి కొత్త కాదు. అలాంటి ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా మొయ్యకండి. ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. సాయం అడగడం కూడా గోప్తృత్వ వరణమే. స్వామి దయ ఎక్కువసార్లు మనిషి చేతుల మీదుగానే వస్తుంది.

ఈ వారం సాధన

పొద్దున్న లాప్‌టాప్ తెరిచే ముందు ఒక్క నిమిషం: "ఈ పని నాది, నేను నీవాణ్ణి" అనుకోండి. అమ్మాయిలు "నీదాన్ని" అనుకోండి.

మధ్యాహ్నం ఒక్కసారైనా, మీకు రానిది ఒకటి పక్కవాళ్ళని అడగండి.

రాత్రి కాగితం మీద రెండు గళ్ళు గీయండి. ఒకదానిలో రేపు మీరు చెయ్యగలిగింది, రెండోదానిలో మీ చేతిలో లేనిది రాయండి. రెండో గడిని దేవుడి పటం దగ్గర పెట్టి పడుకోండి. మొదటి గడికి అలారం పెట్టుకోండి.

వచ్చే వారం వీడియోలో పురుషకారం, అంటే మన తరఫున అమ్మవారు చేసే సిఫార్సు గురించి చూద్దాం. అందరికీ స్వామి దయ కలగాలి.

జై శ్రీమన్నారాయణ.