రంగు చూసి పేరు చెప్పకండి

బ్రిటన్‌లో గార్డెన్ సెంటర్‌లోనో నర్సరీలోనో కొత్తగా పనికి కుదిరినవాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో ఒక పరీక్ష తప్పదు. ఎవరో ఒక పెద్దావిడ చిన్న నీలిపూల రెమ్మ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఇది ఫర్గెట్-మీ-నాటేనా అని అడుగుతుంది. అవునని చెప్పేయబుద్ధవుతుంది. పనిలో చేరిన తొలి వసంతంలో నేనూ అలాగే చెప్పాను. ఆవిడ తెచ్చింది బ్రన్నెరా. ఏళ్ల తరబడి బతికే మొక్కను, పూశాక పోయేదని చెప్పి పంపేశాను. పూలు రాలగానే ఆవిడ దాన్ని పీకేసి ఉంటుందేమోనన్న బాధ నాకు ఇంకా పోలేదు.

కాబట్టి ముందు ఆకు అడగండి. ఫర్గెట్-మీ-నాట్ శాస్త్రనామం మయోసోటిస్. ఆ గ్రీకు మాటకు ఎలుక చెవి అని అర్థం. ఆకు అలాగే చిన్నగా, కోలగా, మెత్తటి నూగుతో ఉంటుంది. బ్రన్నెరా ఆకు తమలపాకులా గుండె ఆకారంలో, వెడల్పుగా ఉంటుంది. గ్రీన్ ఆల్కనెట్ అని ఇంకొకటి ఉంది. దాని ఆకు పెద్దది, తాకితే గరుకు, పువ్వు నడుమ తెల్లటి చుక్క. చైనీస్ ఫర్గెట్-మీ-నాట్ పేరు కలిసినా, ప్రజాతి వేరు. అది మోకాలెత్తు దాకా పెరుగుతుంది, దాని కాయలు బట్టలకు అంటుకుంటాయి.

ఇక పువ్వు. అయిదు నీలి రేకులు, నడుమ పసుపు ఉంగరం. మొగ్గ గులాబీ రంగులో ఉండి, విచ్చుకున్నాక నీలమవుతుంది. పువ్వు ముదిరితే ఆ పసుపు వెలిసి తెల్లబడుతుంది. అందుకే ఒక్క పువ్వు చూసి కాదనకండి, అదే రెమ్మ మీద అప్పుడే విచ్చినదాన్ని వెతకండి. ఆ ఉంగరం పురుగులకు తేనె దారి చూపే గుర్తని జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త స్ప్రెంగెల్ 1793లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. పూలగుత్తి కొస తేలు కొండిలా చుట్టుకుని ఉంటుంది. మన చేలగట్ల మీద తేలుకొండి మొక్కను చూసి పెరిగినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది, రెండూ ఒకే కుటుంబానివి.

అనుమానం తీరకపోతే పది రెట్లు చూపే చేతి భూతద్దం తీయండి. పువ్వు కింది ఆకుపచ్చ గిన్నె మీద నూగు కొక్కేల్లా వంగి ఉంటే అది తోటల్లో పెంచే సిల్వాటికా గానీ, చేలల్లో మొలిచే ఆర్వెన్సిస్ గానీ. ఆర్వెన్సిస్ పువ్వు అయిదు మిల్లీమీటర్లు దాటదు. నూగు తిన్నగా, గిన్నెకు అతుక్కుని ఉంటే అది నీటి ఒడ్డున పెరిగే రకం. ఇది చెమ్మ నేల కోరుతుంది, ఏళ్ల తరబడి బతికే మొక్క.

పెంచడం కష్టమేమీ కాదు, అదను తెలియాలి. వచ్చే వసంతంలో పూలు కావాలంటే మే నుంచి జూలై లోపు విత్తాలి. గింజ మీద మట్టి పలచగా కప్పండి, వెలుతురు తగలకపోతేనే బాగా మొలుస్తుంది. మరీ ఎండ తగిలేచోట ట్రేలు పెట్టొద్దు. రెండు మూడు వారాల్లో మొలక కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో జానెడు ఎడంతో నాటుకోవాలి. మొక్కలు ఒత్తుగా ఉండి, వేళ్లు ఎండితే ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. హైదరాబాద్ నుంచి గింజలు పంపమనే చుట్టాలకు మాత్రం ఉన్నమాట చెప్పండి: అక్కడి ఎండాకాలాన్ని ఇది తట్టుకోలేదు.

అమ్మేటప్పుడు ఒక సంగతి మనసులో ఉంచుకోండి. బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీ ఈ పువ్వునే తన గుర్తుగా పెట్టుకుంది. అమ్మ గుర్తుగానో భర్త గుర్తుగానో కుండీ కొనుక్కుపోయేవాళ్లు వస్తారు. ఏడాది తిరక్కుండానే మొక్క చనిపోతే, తమ చేతుల్లోనే ఏదో తప్పు జరిగిందని కుమిలిపోతారు. సిల్వాటికా సాధారణంగా రెండో ఏడు పూసి పోతుందని బిల్లు వేసే ముందే నెమ్మదిగా చెప్పండి. పూలు కాగానే పీకేయొద్దని, జూన్ చివరికి కొమ్మలు గోధుమరంగుకు తిరిగేదాకా ఆగమనండి. ఆ తర్వాత మొక్కను వేళ్లతో సహా లాగి, తలకిందులుగా పట్టుకుని అదే మడి మీద విదిలిస్తే నల్లటి నున్నని గింజలు రాలతాయి. శరత్కాలానికి అక్కడే నూగు ఆకుల మొలకలు లేస్తాయి. వాటిని కలుపు మొక్కలనుకుని తీసేయకుండా, ఇంటికి వెళ్లగానే ఆ చోట ఒక పుల్ల గుచ్చి పెట్టుకోమని కూడా చెప్పండి.