ఒక్క నీడను నమ్మొద్దు: మడమకు స్క్రూ వేసే చేతులకు ఎనిమిది మాటలు

తాడిచెట్టు మీంచో, కడుతున్న ఇంటి పరంజా మీంచో జారి నిలువునా కాళ్ల మీద పడితే దెబ్బంతా మడమలకే. పైనున్న టాలస్ ఎముక మడమ ఎముకలోకి దిగబడి, కీలు కుంగిపోతుంది. గీత కార్మికులు, తాపీ పనివాళ్లు, పెయింటర్లు నా సర్వీసంతా ఈ దెబ్బతోనే వచ్చారు. సి-ఆర్మ్ తెర చూస్తూ స్క్రూలు వేయడం నేర్చుకుంటున్న యువ డాక్టర్లకు నాకు గట్టిగా తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. అన్నిటికీ మూలం ఒకటే. ఎక్స్‌రే చూపేది నీడ. ఒక్క నీడను చూసి ఎముక సంగతి తేల్చేయకండి.

1. మడమ కంటే ముందు మనిషిని చూడండి.
ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నెముకా దెబ్బతింటుంది. రెండో మడమ కూడా విరిగి ఉండొచ్చు. రోగి నొప్పి ఎక్కువున్న కాలినే చూపిస్తాడు. నడుమును, రెండో పాదాన్ని మనమే తడిమి చూడాలి, అనుమానం ఉంటే వాటికీ ఎక్స్‌రే తీయించాలి.

2. ముహూర్తం పెట్టేది చర్మం.
వాపు మీద కోత పెడితే గాయం మానదు. కాలు ఎత్తులో ఉంచి, చర్మం మీద ముడతలు తిరిగి కనబడేదాకా ఆగండి. అందుకు వారం, రెండు వారాలు పట్టొచ్చు. ఒక్క చోట మాత్రం ఆగకూడదు. మడమ వెనక ముక్కను పిక్క కండరం పైకి లాగేసి, అది లోపలి నుంచి చర్మాన్ని నొక్కుతుంటే చర్మం చచ్చిపోతుంది. దాన్ని ఎమర్జెన్సీగా సరిచేయాలి.

3. థియేటర్‌లోకి వెళ్లకముందే కొలతలు తీసుకోండి.
వియన్నా డాక్టర్ లోరెంజ్ బోలర్ 1931లో చెప్పిన కోణం ఇప్పటికీ మనకు దారి చూపుతోంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో అది మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. కీలు కుంగితే తగ్గుతుంది, ఒక్కోసారి సున్నా కిందికీ పోతుంది. మంచి కాలికీ ఎక్స్‌రే తీయిస్తే ఈ మనిషి అసలు కోణం ఎంతో తెలుస్తుంది. కీలు ఎన్ని ముక్కలైందో చెప్పడానికి మాత్రం సీటీ స్కాన్ కావాలి. 1993 నుంచి వాడుతున్న శాండర్స్ వర్గీకరణకు ఆధారం సీటీయే.

4. ఒక్కో ఎక్స్‌రేను ఒక్కో ప్రశ్న అడగండి.
పక్క వ్యూ మడమ ఎత్తును, బోలర్ కోణాన్ని చెబుతుంది. హ్యారిస్ వ్యూ మడమను వెనకనుంచి నిలువుగా చూపిస్తుంది. వెడల్పు తగ్గిందా, మడమ లోపలికి ఒరిగిందా, స్క్రూ మొన పక్కకు పొడుచుకొచ్చిందా అన్నది అక్కడే తేలుతుంది. 1949లో బ్రోడెన్ చెప్పిన వ్యూలో పాదాన్ని లోపలికి తిప్పి, ట్యూబును పది డిగ్రీల చొప్పున వంచుతూ పోతే వెనక కీలు భాగభాగాలుగా కనబడుతుంది. కీలు సమంగా కూర్చుందా, స్క్రూ కీలులోకి దూరిందా అని దాన్నే అడగాలి. పెడల్ నొక్కేముందు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మీకు మీరే చెప్పుకోండి.

5. గుడ్డలు కప్పకముందే అన్ని వ్యూలూ తీసి చూసుకోండి.
రోగిని పక్కకు తిప్పి, దెబ్బతిన్న కాలు పైన ఉంచి, రెండో కాలు అడ్డు రాకుండా జరపండి. సి-ఆర్మ్ ఎక్కడ నిలిస్తే ఏ వ్యూ వస్తుందో నేల మీద టేపుతో గుర్తు పెట్టించండి. టెక్నీషియన్‌తో ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఆయన చేయి తిరిగినదైతే మీ ఆపరేషన్ సగం సుఖంగా సాగుతుంది.

6. ముందు వైరు, తర్వాతే స్క్రూ.
మడమ ఎముక పూర్ణం బూరె లాంటిది, పైన పల్చటి పెంకు, లోపలంతా మెత్తన. అందుకే స్క్రూకు గట్టి పట్టు దొరికే చోటు వెతకాలి. లోపలి వైపు, చీలమండ కింద అరుగులా ముందుకొచ్చిన సస్టెంటాక్యులమ్ ఆ చోటు. బలమైన లిగమెంట్లు టాలస్‌కు కట్టి ఉంచడం వల్ల ఆ ముక్క సాధారణంగా కదలదు. బయటి వైపు నుంచి, కీలు కిందుగా, దానికి గురిపెట్టండి. వైరును పక్క వ్యూలోనూ, హ్యారిస్ వ్యూలోనూ చూశాకే డ్రిల్లు పట్టండి. తప్పుదారి పట్టిన వైరును తీసి మళ్లీ వేయొచ్చు. స్క్రూ తొలిచిన బొక్కలో పట్టు తిరిగి రాదు. ఆ అరుగు కిందనుంచే బొటనవేలిని వంచే స్నాయువు వెళ్తుంది, నరమూ రక్తనాళాలూ పక్కనే ఉంటాయి. పొడవైన స్క్రూ పక్క వ్యూలో ఎంతో చక్కగా కనబడుతూనే అటువైపు మొన తేలి ఉండొచ్చు. హ్యారిస్ వ్యూ తీయండి, బొటనవేలు పైకీ కిందికీ కదిపి చూడండి.

7. మీ ఒంటినీ, పక్కవాళ్ల ఒంటినీ కాపాడండి.
ట్యూబుకు దూరం రెట్టింపైతే రేడియేషన్ నాలుగో వంతుకు పడిపోతుంది. మీరు బొమ్మను అందుకునే వైపు నిలబడండి, దాన్ని పాదానికి దగ్గరగా, ట్యూబును దూరంగా ఉంచండి. పెడల్ తొక్కిపట్టకుండా ఒక్కో షాట్ తీసి, తెర మీద నిలిచిన బొమ్మను తీరిగ్గా చదవండి. కిరణం దారిలో చేయి పెట్టొద్దు. లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ కాలర్, టీఎల్‌డీ బ్యాడ్జి లేకుండా నర్సునూ వార్డుబాయ్‌నీ కూడా లోపలికి రానివ్వకండి.

8. స్క్రూ అందరికీ అక్కర్లేదు.
2014లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో, ఆకారం మరీ చెడని మడమలకు కోసి చేసిన ఆపరేషన్ వల్ల రెండేళ్ల తర్వాత అదనపు మేలు కనబడలేదు. చీము పట్టడం లాంటి చిక్కులు మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లలోనే ఎక్కువ. చిన్న కోతతో, ఎక్స్‌రే సాయంతో స్క్రూలు వేసే పద్ధతి విలువ ఇక్కడే ఉంది, గాయం బాధ తగ్గుతుంది. అయినా పొగతాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో రెండుసార్లు ఆలోచించండి. ఆపరేషన్ చేసినా, చేయకపోయినా కొన్ని వారాలు కాలు మోపకూడదనీ, నొప్పి పూర్తిగా పోకపోవచ్చనీ ఇంటివాళ్లకు ముందే చెప్పండి.

ఎగుడుదిగుడు నేల మీద పాదం అటూ ఇటూ ఒరిగేది టాలస్‌కూ మడమకూ మధ్య ఉన్న ఈ కీలు వల్లే. పొలం గట్టు మీద నడవాల్సినవాడికి, మళ్లీ చెట్టెక్కి బతకాల్సినవాడికి అది పోతే కూడు పోయినట్టే. 2024లో తెలంగాణలో గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలైంది. మీ దగ్గరికొచ్చే ప్రతి గీత కార్మికుడినీ కిట్ అందిందా, కట్టుకుంటున్నావా అని అడగండి. ఆ మాట అడగడం కూడా మన వైద్యంలో భాగమే.