క్షేత్ర ప్రయోగ దత్తాంశ పరిరక్షణ: రాత్రివేళ స్వయంచాలిత బ్యాకప్‌లో కంప్యూటర్ నిద్ర, బాహ్య డ్రైవ్‌ల నిర్వహణ

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో మొదలైనది. మన దేశంలో అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల పథకం 1970లో ఆరంభమైనది. ఇటువంటి ప్రయోగాల విలువ అంతా వరుస తెగని కొలతలలోనే ఉన్నది. గడచిన ఖరీఫ్‌లో ఒక మడి నుండి తీసిన పిలకల సంఖ్యనుగాని, వెయ్యి గింజల బరువునుగాని పోగొట్టుకొంటే మరల కొలవడం సాధ్యం కాదు. అయినను ఈ దత్తాంశం అనేక చోట్ల ఒకే కంప్యూటర్‌లో, దాని ప్రక్కన ఉన్న ఒకే బాహ్య డ్రైవ్‌లో ఉంటున్నది. నకలు తీయడం మనిషి జ్ఞాపకంపై ఆధారపడినప్పుడు నాట్లు, కోతల రోజులలోనే, అనగా దత్తాంశం అధికంగా వచ్చే రోజులలోనే, అది తప్పిపోవుచున్నది. అందువలన ఈ పనిని రాత్రివేళ యంత్రానికే అప్పగించడం యుక్తం.

విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ ద్వారా నిర్ణీత సమయానికి పనిని ఏర్పాటు చేసి, ఆ పని కొరకు కంప్యూటర్‌ను నిద్ర నుండి లేపే ఎంపికను గుర్తించాలి. పవర్ ఆప్షన్లలో వేక్ టైమర్లకు అనుమతి లేనిచో ఈ ఎంపిక పనిచేయదు. సాధారణ నిద్రావస్థలో మెమరీకి విద్యుత్తు అవసరం. సరఫరా నిలిచినచో ఆ నిద్ర కాస్తా ముగిసి, యంత్రం పూర్తిగా ఆగిపోవును. కావున యూపీఎస్ తప్పనిసరి. తప్పిన పనిని వీలైనంత త్వరగా జరిపించే ఎంపికను కూడ గుర్తించినచో, మరునాడు యంత్రాన్ని తెరచిన వెంటనే ఆ లోటు తీరుతుంది.

లేవడం కంటె మెలకువగా ఉండడమే కష్టం. టైమర్ వలన లేచిన విండోస్, ఎదుట మనిషి లేడని గ్రహించి, సాధారణంగా 2 నిమిషాలలో తిరిగి నిద్రించే ఏర్పాటుతో వస్తుంది. ఈ గడువు పవర్ ఆప్షన్లలో కనబడకుండ దాగి ఉంటుంది. నకలు తీయడం సాగుతుండగానే యంత్రం నిద్రకు ఒరగవచ్చును. బ్యాకప్‌లు సగంలో ఆగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ గడువును ఒక గంటకు పెంచినచో రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి: నకలు పూర్తియగును, తరువాత యంత్రం తనంతట తానే నిద్రించును. నిద్రింపజేయుటకు ప్రత్యేక ఆదేశం వ్రాయనవసరం లేదు. పలువురు వాడే ఆదేశం, హైబర్నేషన్ అమలులో ఉన్న యంత్రాన్ని నిద్రకు బదులు హైబర్నేట్ చేయును.

నకలుకు విండోస్‌తో వచ్చే రోబోకాపీ చాలును. అయితే దాని సహజ గుణాలు తెలియకుండ వాడరాదు. ఏదైనా ఫైలు మరొక ప్రోగ్రాం అధీనంలో ఉండి అందనిచో, అది 30 సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అనగా ఒక్క ఫైలు కొరకు దాదాపు ఒక సంవత్సరం! ప్రయత్నాలను రెండు, మూడింటికి పరిమితం చేయాలి. మిర్ అనే ఎంపిక మరింత ప్రమాదకరం. మూలంలో లేని ఫైళ్ళను అది గమ్యంలోనూ తొలగిస్తుంది. పొరపాటున ఒక సీజన్ ఫోల్డరు చెరిగిపోయినచో, ఆ రాత్రికే నకలు కూడ చెరిగిపోవును. తేదీ గల ఫోల్డర్లలో వారానికొక పూర్తి నకలు వేరుగా నిలుపుట మేలు. డ్రైవ్ అక్షరం వేరొక పెన్‌డ్రైవ్‌కు పోయే అవకాశం ఉన్నది గనుక, గమ్యంలో ఒక గుర్తు ఫైలు ఉంచి, అది కనబడినప్పుడే పని మొదలయ్యేటట్లు స్క్రిప్టు వ్రాయాలి.

బాహ్య డ్రైవ్ విషయంలో, సురక్షిత తొలగింపు చేసిన డ్రైవ్ సాధారణంగా తీగను ఊడదీసి మరల పెట్టేవరకు కనబడదు. రాత్రివేళ ఆ పని చేసేవారుండరు. ఇందుకు మౌంట్‌వాల్ ఆదేశం అనుకూలం. పని ముగిసిన పిదప పీ ఎంపికతో వాల్యూమ్‌ను విడదీసి, మరునాటి రాత్రి దాని వాల్యూమ్ గుర్తింపుతో తిరిగి చేర్చవచ్చును. ఇందుకు నిర్వాహక అధికారం కావలెను. లినక్స్ యంత్రాలలో లేపుటకు ఆర్‌టీసీవేక్, డ్రైవ్ విడదీయుటకు యూడిస్క్స్‌సీటీఎల్ ఉన్నవి.

విడదీయుట వలన ఫైళ్ళకు తాళం వేసే దుష్ట ప్రోగ్రాంల నుండి కొంత రక్షణ మాత్రమే కలదు. 2017 మేలో వ్యాపించిన వన్నాక్రై, యంత్రానికి తగిలించి ఉన్న డ్రైవ్‌లను కూడ వదలలేదు. నిర్వాహక అధికారం చిక్కిన ప్రోగ్రాం, విడదీసిన డ్రైవ్‌ను తిరిగి చేర్చుకొనగలదు. కనుక రెండవ డ్రైవ్‌ను వారానికొకసారి మార్చి, ఊడదీసినదానిని వేరొక భవనంలో ఉంచవలెను. ఈ ఒక్క పనికి మనిషి చేయి తప్పదు.

రోబోకాపీ ముగింపు సంఖ్య 8 గాని అంతకు మించిగాని ఉన్నచో కొన్ని ఫైళ్ళు నకలు కాలేదని అర్థం. 1 కనబడినంత మాత్రాన అది లోపం కాదు. కొత్త ఫైళ్ళు చేరినవని మాత్రమే. ఈ సంఖ్యను తేదీతో సహా లాగ్‌లో వ్రాయించి, ఉదయం 8.30కు వర్షపాతం నమోదు చేసే వ్యక్తి అదే వేళ దానిని చూచే ఏర్పాటు చేయవచ్చును. ప్రతి పంటకాలం చివర, నకలులోని దిగుబడి పట్టికను వేరొక కంప్యూటర్‌లో తెరచి, మడుల మొత్తాలను క్షేత్ర పుస్తకంతో సరిచూడవలెను.