విశ్వాన్వేషణకు ఉమ్మడి వేదిక

ఆకాశ రహస్యాలను తెలుసుకోవాలనే కుతూహలం మానవుడికి అనాదిగా ఉంది. అయితే ఆధునిక ఖగోళ పరిశోధనకు కుతూహలం ఒక్కటే చాలదు. పెద్ద దూరదర్శినులు, శక్తిమంతమైన కంప్యూటర్లు, సుసంపన్నమైన గ్రంథాలయం, అనుభవజ్ఞుల సాహచర్యం కావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి నిజామియా, జపాల్-రంగాపూర్ వేధశాలలు లభించాయి. అటువంటి అదృష్టం అత్యధిక విశ్వవిద్యాలయాలకు లేదు.

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో ఉన్నతస్థాయి పరిశోధన ఎక్కువగా ప్రత్యేక సంస్థలలో సాగింది. విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధనకే పరిమితమయ్యాయి. ఫలితంగా పరిశోధకుడికి విద్యార్థి, విద్యార్థికి పరిశోధకుడు దూరమయ్యారు. చిన్న పట్టణంలోని కళాశాల అధ్యాపకుడికి ఎంత ప్రతిభ ఉన్నా, అది తరగతి గది దాటి వెలుగులోకి వచ్చే మార్గం ఉండేది కాదు.

ఈ లోటును తీర్చడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక ఉపాయం ఆలోచించింది. ప్రతి విశ్వవిద్యాలయానికీ విడివిడిగా సమకూర్చలేని సౌకర్యాలను ఒకేచోట నెలకొల్పి, వాటిని అందరికీ అందుబాటులో ఉంచడమే ఆ ఉపాయం. ఆచార్య యశ్‌పాల్ ఆ సంఘానికి అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1988లో, పుణె విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ, ఖగోళ భౌతిక విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. దీనినే సంక్షిప్తంగా 'అయుకా' అంటారు. ప్రఖ్యాత శాస్త్రవేత్త జయంత్ విష్ణు నార్లీకర్ దీనికి తొలి సంచాలకులు. 1992లో నోబెల్ బహుమతి గ్రహీత సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఈ కేంద్రాన్ని జాతికి అంకితం చేశారు. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా తీర్చిదిద్దిన ఈ ప్రాంగణంలో ఆర్యభటుడు, గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్‌ల విగ్రహాలు సందర్శకులకు స్వాగతం పలుకుతాయి.

అయుకా కార్యక్రమాలలో ముఖ్యమైనది సందర్శక సహాధ్యాపక పథకం. దీనికి ఎంపికైన కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులు మూడేళ్లపాటు వీలున్నప్పుడల్లా పుణె వచ్చి పరిశోధన చేసుకోవచ్చు. ప్రయాణ, వసతి ఖర్చులను కేంద్రమే భరిస్తుంది. వారు ఉద్యోగం వదలనక్కరలేదు, ఊరు విడవనక్కరలేదు. ఇక్కడ నేర్చుకున్నది తిరిగి వెళ్లి తమ విద్యార్థులకు పంచుతారు. ఒక దీపంతో అనేక దీపాలు వెలిగించడమంటే ఇదే.

పుణెకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని గిరావలీ వద్ద రెండు మీటర్ల వ్యాసం గల దూరదర్శిని 2006లో ప్రారంభమైంది. విద్యార్థుల కోసం వేసవి శిక్షణలు, పరిశోధక పట్టా అవకాశాలు ఉన్నాయి. బాలబాలికలు స్వయంగా ప్రయోగాలు చేసి నేర్చుకునే విజ్ఞాన శోధికను కూడా ఈ కేంద్రం నిర్వహిస్తోంది.

కలిసి పనిచేయడం వల్ల ఎంతటి ఫలితాలు లభిస్తాయో అయుకా చరిత్ర చెబుతుంది. 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగాలు తొలిసారి నమోదయ్యాయి. అటువంటి అతి సూక్ష్మ సంకేతాలను రొద నుంచి వేరుచేసే గణిత పద్ధతులపై అయుకా శాస్త్రవేత్తలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే కృషి చేశారు. సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని 'సరస్వతి' అనే మహా గెలాక్సీ సమూహాన్ని ఇతర సంస్థలతో కలిసి గుర్తించి 2017లో ప్రకటించారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌకలో, సూర్యుని అతినీలలోహిత కాంతిలో చిత్రించే దూరదర్శిని అయుకా ఆధ్వర్యంలో రూపొందినదే.

నార్లీకర్ సంతకం కోరివచ్చిన పిల్లలకు వెంటనే సంతకం చేసేవారు కాదు. ఒక ప్రశ్న రాసి పోస్టుకార్డు పంపమనేవారు. సమాధానం రాసి, దానికింద సంతకం చేసి పంపేవారు. 2025 మే 20న ఆయన కన్నుమూశారు. అయినా ఆయన చూపిన బాట మిగిలే ఉంది. ప్రశ్నించేవాడికి, అతడు ఏ ఊరివాడైనా, సమాధానం వెతుక్కునే చోటు ఒకటి ఉండాలి. జ్ఞానం కొందరి సొత్తుగా మిగిలిపోకూడదు. ఆకాశం అందరిదైనట్లే, దానిని శోధించే అవకాశమూ అందరిదీ కావాలి.