డ్రాబా మొక్కలు - ఒక వర్గీకరణ సమస్య

ఆవపువ్వును విప్పి చూడని వృక్షశాస్త్ర విద్యార్థి యుండడు. శిలువ ఆకారమున అమరిన నాలుగు ఆకర్షణపత్రములు, నాలుగు పొడవుగను రెండు పొట్టిగను నుండు ఆరు కేసరములు మనకు కంఠస్థములే. ఇవే లక్షణములు గల డ్రాబా అను ప్రజాతి మొక్కలు గ్రీన్‌లాండు, స్వాల్‌బార్డు, అలాస్కాలలో రాళ్ల సందులయందు పెరుగుచున్నవి. జానెడెత్తు మించనివే అధికము. బ్రాసికేసి కుటుంబములో జాతుల సంఖ్యను బట్టి ఇదియే అతిపెద్ద ప్రజాతి. సుమారు 400 జాతులు గలవు.

లిన్నేయస్ 1753 లో దీనిని తన 'స్పీషీస్ ప్లాంటారమ్'లో చేర్చెను. అది మొదలు దీనిని వర్గీకరింపబూనిన వారందరును తికమకపడిరి. పువ్వులు తెలుపు లేక పసుపు. అంతకు మించిన భేదము కానరాదు. చలిని, తేమను బట్టి మొక్క రూపము మారును. కనుక ఆకులపై నుండు కేశములే ప్రధానాధారమైనవి. డ్రాబా నివాలిస్ ఆకులు నక్షత్రాకార కేశములతో నెరసినట్లుండును. డ్రాబా ఫ్లాడ్నిజెన్సిస్ ఆకుల అంచున శాఖలు లేని కేశములుండును. భూతద్దము లేనివారు వీటి జోలికి పోకుండుటయే మేలు!

క్రోమోజోముల లెక్క మరియొక చిక్కు. ద్వయస్థితిక జాతులలో 16, డ్రాబా లాక్టియాలో 48. ఇంకను హెచ్చు సంఖ్య గలవియు నున్నవి. రెండు జాతులు కలిసి, క్రోమోజోములు కూడి క్రొత్త జాతి యేర్పడుట ఈ కుటుంబమునకు వింత కాదు. మన పోపుల పెట్టెలోని ఆవాల మొక్కలో 20, 16 కలిసి 36 అయినవని ఊ నాగహారు 1935 లో వివరించెను.

అయితే అసలు విశేషము క్రోమోజోముల సంఖ్య మారని చోటనే బయటపడినది. క్రిస్టియన్ బ్రాక్‌మన్ మొదలగువారు 2006 లో ప్రకటించిన పరిశోధనలో మూడు ద్వయస్థితిక జాతుల మొక్కలను ఆయా జాతులలోనే సంకరపరచిరి. తల్లిదండ్రులు చూపునకు ఒక్కతీరే, పేరును ఒక్కటే. సంతతి ఏపుగా పెరిగి పూచినను, పలు సంకరములలో పుప్పొడియు గింజలును సరిగా ఏర్పడలేదు. పరీక్షలో మనము వ్రాయు నిర్వచనమేమి? ఫలవంతమైన సంతతిని కనగలవే ఒక జాతి యని గదా! ఆ లెక్కన డ్రాబా నివాలిస్ అను ఒక్క పేరు చాటున పెక్కు జాతులు దాగియున్నవి.

కారణము ఊహింపదగినదే. అచట కీటకములు తక్కువ. ఈ మొక్కలు అధికముగా ఆత్మపరాగసంపర్కము చెందును. ప్రతి వంశమును విడివిడిగా మార్పు చెందును. ఆ మార్పులు గల జన్యువులు ఒకచోట చేరినపుడు పొసగవు.

ఈ మరుగు జాతులకు వేర్వేరు పేర్లు పెట్టుట నాకు సమ్మతము కాదు. హెర్బేరియము షీటుపై ఎండిన మొక్కను చూచి వాటిని గుర్తించు మార్గమేది? కాని ధ్రువప్రాంతము జాతులలో పేదదను మాటను మాత్రము పునరాలోచింపవలసియున్నది. ఒక కొండవాలున డ్రాబా నశించినచో, అదే పేరుతో మరియొక ద్వీపమున నున్నది దానికి బదులు కాకపోవచ్చును.