కొయ్యబొమ్మలు – వీరస్మృతి

విశాఖపట్టణం పేరు వినగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం మన కళ్ళకు కడతాయి. ఆ నగరానికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక గ్రామం ఉన్నది. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, నేడు అనకాపల్లి జిల్లాకు చెందిన ఈ గ్రామం కొయ్యబొమ్మలకు పుట్టినిల్లు.

ఏటికొప్పాక బొమ్మకు మూలం అంకుడు కర్ర. మెత్తనైన ఈ కర్రను లేత్ యంత్రంపై తిప్పుతూ ఉలితో గుండ్రంగా మలుస్తారు. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి నునుపుగా అంటుకొంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలైన వాటినుండి రంగులు తీస్తారు. ఈ సహజవర్ణాల వినియోగానికి కృషి చేసిన చింతలపాటి వెంకటపతిరాజు 2023లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

కొండపల్లి శిల్పి తెల్ల పొణికి కర్రను చెక్కి ముక్కు, మొగము తీర్చుతాడు. లేత్ మీద మలచిన బొమ్మకు గుండ్రని రూపమే ప్రధానం. కాబట్టి ఈ పద్ధతిలో జాతీయ వీరుని రూపొందించాలంటే ముఖకవళికలకన్న గుర్తులే ఆధారం. బోడితల, కళ్ళజోడు, చేతికర్ర ఉంటే గాంధీజీ. గడ్డం, కాషాయవస్త్రం, విల్లమ్ములు ఉంటే అల్లూరి సీతారామరాజు. ఈ మాత్రం గుర్తులతో పసిబిడ్డ సైతం పోల్చుకొంటుంది.

2022 జులై 4న భీమవరంలో ఆవిష్కృతమైన అల్లూరి కంచు విగ్రహం ఎత్తు 30 అడుగులు. దానిని తలయెత్తి చూసి నమస్కరిస్తాము. అరచేతిలో ఇమిడే బొమ్మతోనైతే బిడ్డ ఆడుకొంటుంది, "ఈయన ఎవరు తాతయ్యా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నతో చరిత్ర ఇంటిలోనికి ప్రవేశిస్తుంది.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పబోతే అడవి ప్రసక్తి తప్పదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యంలో గిరిజనుల పోడు సేద్యానికి అడ్డుపడింది. వారి ఆవేదనకు అండగా నిలిచిన సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనును ముట్టడించారు; 1924 మే 7న ప్రాణాలర్పించారు.

నేడు అంకుడు కర్ర కొరత ఏటికొప్పాక కళాకారులను బాధిస్తున్నది. చెట్టు లేనిదే కర్ర లేదు. కర్ర లేనిదే బొమ్మ లేదు. కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటి పెంచినప్పుడే ఆ కళ నిలుస్తుంది. అడవిబిడ్డల కోసం పోరాడిన వీరునికి అంతకు మించిన నివాళి లేదు.

ప్రశ్నలు

1. ఏటికొప్పాక బొమ్మల తయారీ విధానాన్ని వివరించండి.
2. విగ్రహానికి, కొయ్యబొమ్మకు గల భేదాన్ని రచయిత ఎట్లా చూపారు?
3. మీకు నచ్చిన జాతీయ వీరుని బొమ్మకు ఏ గుర్తులను ఎంచుకొంటారు? ఎందుకు?